మెరవని దారం

హార్బర్ గేటు పక్కన వలల షెడ్డులో
నాది మూడో గుంజ.
చిరిగిన కన్ను పక్కన కొత్త కన్ను అల్లుతూ
రోజుకూలి.

పోర్టులో క్రేను దిగి
గ్రీజు చేతుల్తోనే వచ్చేవాడు దాలయ్య తాత.
"మెరవని దారం ఉందేటే, గుంటా?"

నైలాన్ చూపిస్తే మొహం తిప్పేవాడు.
"లైటు పడితే ఇది మిడిసిపడతాది.
బొమ్మ కన్నా ముందు దారం కనబడితే
ఆట నాదైపోతాది.
నాది అవకూడదు."

మా అమ్మమ్మ నాటి నూలు వల ఒకటి అటక మీదుండేది,
చింతగింజల జిగురు తాగి తాగి నల్లబడింది.
మూర మూరే విప్పి ఇచ్చాను.
బదులుగా డబ్బులివ్వలేదు,
మల్కాపురంలో వాళ్ళ మంచం కింది పెట్టె
మూత తియ్యనిచ్చాడు.

అందరూ బోర్లా పడుకుని ఉన్నారు.
ఒక పోలీసు, ఒక చేపలమ్మి, బొగ్గు మోసే కళాసీ,
ముక్కు అరిగిన రాజు.
అంకుడు కర్ర తలలు,
మోకాలి దగ్గర తోలు మడత,
భుజానికి సైకిల్ ట్యూబు ముక్క.
పాదాలు మాత్రం బోలు.
ఆ బోలులోకి నా వల అంచు సీసం గుళ్ళు
రెండేసి జారవిడిచాడు.
"కాలు నేల తాకకపోతే
అది నడుస్తున్నట్టు కాదమ్మా,
ఉరేసుకున్నట్టు."

తలకి రెండు, భుజాలకి రెండు, నడుముకి ఒకటి,
చేతులకి, మోకాళ్ళకి. తొమ్మిది.
ముప్ఫై ఏళ్ళు గాలిలో గాజు గదిలో కూర్చుని
ఇనప ఖనిజం ఎత్తి ఓడల్లో దించాడు.
క్రేను గురించి అడిగితే
"అదీ బొమ్మే. ఆకలెక్కువ, అంతే" అనేవాడు.

జ్ఞానాపురం సందులో ఒకసారి
ఆట మధ్యలో కరెంటు పోయింది.
ఎవరో కుర్రాడు సెల్లు లైటు పట్టాడు.
గోడ మీద రాజు నీడ పడింది, జనం ఈలలేశారు.
దారాల నీడ కూడా పడింది.
ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

మొన్న మాఘమాసంలో
రాజుకి కిరీటం అతికిస్తూ అతికిస్తూ
పక్కకి ఒరిగిపోయాడు.
కేజీహెచ్‌లో పదహారు రోజులు.
కుడిచెయ్యి దుప్పటి మీద
ఎవరో మర్చిపోయి వెళ్ళిన సామాను.
"వేలు ఎత్తండి" అంటుంది ఫిజియో అమ్మాయి.
ఆయన వేలు వంక చూస్తాడు.
వేలు కిటికీ వంక చూస్తుంది.

ఇంటికి తెచ్చిన మూడోనాడు
నేను ఎవర్నీ అడగలేదు.
ఐదు వేళ్ళకి ఐదు ముడులు వేశాను,
వల ముడి, జారదు, కొయ్యదు.
మణికట్టుకి ఆరోది.
రాజుని విప్పి పక్కన పడుకోబెట్టి, బోర్లానే,
అతని పట్టెకర్ర పట్టుకుని
మంచమెక్కి నిలబడ్డాను.
"ఒలమ్మా, ఏటీ పాడు పని" అంటూ వచ్చిన రవణప్ప
గుమ్మంలోనే ఆగిపోయింది.

ఎత్తాను.
చూపుడువేలు లేచింది.
షిప్‌యార్డు సైరన్ మోగుతున్నంతసేపూ
అలాగే ఉండి
దిగింది.
బొమ్మల బరువు తెలుసు నాకు.
ఇది వేరు. ఇది వెనక్కి లాగుతోంది.

ఏడుస్తాడేమో అనుకున్నాను.
ఒంకర మూతిలోంచి మాట
కొట్టుకుని కొట్టుకుని బయటపడింది:
"మణి... కట్టు... ముందు.
ఏలు తరవాత."

సరే అని మణికట్టు ఎత్తాను.
చెయ్యి మొత్తం నిద్రలేచిన పిల్లిలా
ఒళ్ళు విరుచుకుంది.
కాసేపు దాన్నే చూసి,
కళ్ళు చిట్లించి,
"దారం... మెరుస్తంది" అన్నాడు.

నిజమే. నూలు ఎప్పుడో అయిపోయింది.
ఈ పరిస్థితిలో ఆయనకేం కనబడుతుందిలే అని
నైలాన్ కట్టాను.

జాలారిపేటలో ఎవరి అటక మీదన్నా
పాత వల మిగిలుందేమో,
పొద్దున్నే వెళ్ళి అడగాలి.